అద్దె పుస్తకంతో మురికివాడలోకి.. 160 ఏళ్ల క్రితమే పేదల ఇళ్ల లెక్క సరిచేసిన ఆక్టేవియా హిల్ కథ

పేదలకు ఇల్లు కట్టివ్వడం ఒక ఎత్తు. పదేళ్ల తర్వాత కూడా అది ఇల్లులా నిలబడటం ఇంకో ఎత్తు. తాళాలు ఇచ్చే రోజు కెమెరాలు వస్తాయి, రిబ్బన్ కట్ అవుతుంది, వీడియో వైరల్ అవుతుంది. డ్రైనేజీ పైపు పగిలిన రోజు మాత్రం ఎవరూ రారు. రిపేర్‌కి డబ్బులెవరివి? నీళ్ల మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయించాలి? అద్దె కట్టలేని వాళ్లని ఏం చేయాలి? ఇవి ఇవాళ్టి ప్రశ్నలు కావు. 1865లో లండన్‌లో పాతికేళ్లు దాటిన ఓ అమ్మాయి ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి చేతిలో అద్దె పుస్తకం పట్టుకుని మురికివాడలోకి నడిచారు. ఆమె పేరు ఆక్టేవియా హిల్.

బ్రిటన్‌లో ఆమె పేరు చాలామందికి తెలుసు. మన దగ్గర సోషల్ వర్క్, టౌన్ ప్లానింగ్ చదివిన వాళ్లు తప్ప పెద్దగా విని ఉండరు. కానీ ఆమెను నమ్మి మొదట డబ్బు పెట్టిన మనిషి పేరు మాత్రం మనకు పరిచయమే. ఆ సంగతి కాసేపట్లో.

బొమ్మరిల్లు చేసే పిల్లలు.. ఉండేది నేలమాళిగలో

1838 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లోని విజ్‌బీచ్ అనే ఊళ్లో ఆక్టేవియా పుట్టింది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యం వ్యాపారి, బ్యాంకు కూడా నడిపేవారు. ఇద్దరు భార్యలు చనిపోయాక, పిల్లల చదువు గురించి వ్యాసాలు రాసే కరొలైన్‌ను మూడో పెళ్లి చేసుకున్నారు. ఆయనకు ఈ పాప ఎనిమిదో ఆడపిల్ల. పేరులోనే ఆ లెక్క ఉంది.. లాటిన్‌లో ఆక్టేవియా అంటే ఎనిమిదోది అని.

పాపకు రెండేళ్లు కూడా నిండకముందే ఇల్లు తలకిందులైంది. 1840లో తండ్రి దివాలా తీశారు. ఆ దెబ్బకు మానసికంగా కూడా కుప్పకూలిపోయారు. మళ్లీ కోలుకుని కుటుంబాన్ని నడిపే స్థితి రాలేదు. తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటి సాయంతో బతకాల్సి వచ్చింది. అమ్మమ్మగారింటి తాతయ్య మామూలు మనిషి కాదు. డాక్టర్ థామస్ సౌత్‌వుడ్ స్మిత్.. లండన్ ఫీవర్ హాస్పిటల్‌లో పని చేసిన వైద్యుడు. జ్వరాలు, అంటురోగాలు పేదల ఇళ్లలోనే ఎందుకు ఎక్కువగా వస్తున్నాయి, మురుగుకీ చావుకీ ఉన్న సంబంధం ఏంటి.. ఇదే ఆయన జీవితమంతా పోరాడిన అంశం. అంటే ఆక్టేవియా చిన్నప్పటి నుంచీ ఇంట్లో వింటూ పెరిగిన మాటలు ఇవే.

స్కూల్‌కి వెళ్లి చదువుకున్నది లేదు. చదువంతా తల్లి దగ్గరే. 1852లో తల్లికి లండన్‌లో పేద మహిళల కోసం పెట్టిన ఓ సహకార వర్క్‌షాప్‌లో మేనేజర్ ఉద్యోగం దొరికింది. అక్కడ ఓ పక్క బొమ్మలు తయారు చేసే విభాగం ఉండేది. పనిచేసేది పేద పిల్లల ఉచిత బడుల నుంచి వచ్చిన ఆడపిల్లలు. వాళ్లకు సూపర్‌వైజర్ ఎవరో తెలుసా? 14 ఏళ్ల ఆక్టేవియా. పని పంచడం, లెక్కలు రాయడం, మధ్యాహ్నం తిండి చూసుకోవడం.. అన్నీ ఆ పిల్లే.

ఎవరైనా పనికి రాకపోతే ఆక్టేవియా వాళ్లింటికి వెళ్లి చూసేది. అక్కడ కనిపించేది వెలుతురు లేని నేలమాళిగలు, చెమ్మ పట్టిన గోడలు, ఒకే గదిలో కుటుంబం మొత్తం. ఈ పిల్లలు వర్క్‌షాప్‌లో చేసేది ఏంటంటే.. డబ్బున్న పిల్లల బొమ్మరిళ్లలోకి చిన్న చిన్న కుర్చీలు, బల్లలు, మంచాలు. అంతకంటే చెప్పడానికి ఏముంది?

రస్కిన్ పరిచయం.. గాంధీజీని మార్చిన పుస్తకం రాసింది ఈయనే

ఆ వర్క్‌షాప్ రోజుల్లోనే ఆక్టేవియాకు జాన్ రస్కిన్‌తో పరిచయమైంది. అప్పటికే కళా విమర్శకుడిగా ఆయన పేరు మారుమోగుతోంది. ఈమె డ్రాయింగ్ చూసి ముచ్చటపడి, తన పుస్తకాల కోసం పాత పెయింటింగ్స్‌కి కాపీలు గీసే పని ఇచ్చారు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది.

ఇందాక చెప్పిన పరిచయమున్న పేరు ఇదే. రస్కిన్ రాసిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ అనే పుస్తకాన్ని 1904లో దక్షిణాఫ్రికాలో రైల్లో చదివి, రాత్రంతా నిద్రపోని మనిషి మన మహాత్మా గాంధీ. ఆ తర్వాతే డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం వెలిసింది. సర్వోదయ అనే మాట కూడా ఆ పుస్తకానికి గాంధీజీ రాసిన గుజరాతీ అనుసరణ పేరుగానే వచ్చింది. అంటే, పేదల ఇళ్ల కోసం లండన్‌లో డబ్బు పెట్టిన మనిషి రాతలే మన దేశం దాకా వచ్చాయన్నమాట.

1860 దశకం మొదట్లో హిల్ అక్కచెల్లెళ్లు తల్లితో కలిసి మేరిలబోన్ ఏరియాలో నాటింగ్‌హామ్ ప్లేస్‌లో ఓ స్కూల్ పెట్టారు. బయటికి చూస్తే మర్యాదస్తుల వీధి. నాలుగడుగులు వెనక్కి వేస్తే మురికి సందులు. కాస్త ఆరోగ్యంగా ఉండే ఇళ్లలో పేదల్ని ఉంచుదామని ఆక్టేవియా ప్రయత్నించారు. విషయం తెలిసిన ఇంటి ఓనర్లు ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అప్పుడే ఆమెకు ఓ విషయం అర్థమైంది. ఇల్లు మన చేతిలో లేనంత కాలం మాటలతో పనిజరగదు.

1864లో రస్కిన్ తండ్రి చనిపోయారు. ఆయన వైన్ వ్యాపారంలో బాగా సంపాదించిన మనిషి. ఆస్తి కొడుక్కి వచ్చింది. ఈ డబ్బుతో ఏం చేయాలా అని ఆలోచిస్తున్న రస్కిన్‌కు ఆక్టేవియా తన ప్లాన్ చెప్పారు. ఆయన ఒప్పుకున్నారు. కానీ ఓ షరతు పెట్టారు. పెట్టిన డబ్బు మీద ఏడాదికి 5 శాతం రావాలి!

ఇక్కడ చాలామందికి డౌట్ వస్తుంది. కోట్లున్న మనిషి, పేదల ఇళ్ల మీద వడ్డీ అడగడమేంటి అని. రస్కిన్‌కు ఆ 5 శాతం అవసరం లేదు. ఆయన ఆలోచన వేరు. ఇది దానంగా మొదలైతే తన దగ్గరే ఆగిపోతుంది. లాభం చిన్నదైనా సరే, క్రమం తప్పకుండా వస్తుందని లెక్కల్లో చూపిస్తే ఇంకో పదిమంది డబ్బు పెడతారు. అప్పట్లో ప్రభుత్వ బాండ్లు కొంటే సుమారు 3 శాతం వచ్చేది. దాంతో పోలిస్తే 5 శాతం బాగానే గిట్టుబాటు. ఈ పద్ధతికి తర్వాత ఐదు శాతం దాతృత్వం అన్న పేరే వచ్చేసింది. ఆక్టేవియా కూడా దీన్ని మనస్ఫూర్తిగా నమ్మారు. విరాళాల మీద నడిచే ఇల్లు విరాళం ఆగిన రోజే కూలిపోతుందన్నది ఆమె లెక్క.

192 అద్దాల్లో 8 మాత్రమే మిగిలాయ్

1865లో రస్కిన్ 750 పౌండ్లు పెట్టి మూడు ఇళ్ల లీజు తీసుకున్నారు. మేరిలబోన్‌లోనే, ఆక్టేవియా వాళ్ల స్కూల్‌కు నడిచి వెళ్లేంత దూరం. ఆ సందు పేరు ప్యారడైజ్ ప్లేస్. అంటే స్వర్గసీమ! లోపల సీన్ మాత్రం పూర్తిగా రివర్స్.

పెరట్లో పరిచిన రాళ్లు పగిలి నీళ్ల గుంటలు. ఆ చెమ్మ గోడల్లోకి ఎక్కేది. ఇళ్లన్నిటికీ కలిపి నీళ్లకు ఉన్నది ఒక్క కారిపోయే పీపా. చెత్తకుండీ ఇళ్ల ముందే. మెట్ల పక్కన పట్టుకునే కొయ్య కమ్మీలు లేవు.. చలికి తట్టుకోలేక విరిచి పొయ్యిలో పెట్టేశారు. కిటికీల్లో మొత్తం 192 గాజు పలకలుంటే పగలకుండా ఉన్నవి ఎనిమిదంటే ఎనిమిదే. మిగతా చోట్ల గుడ్డలు కుక్కారు.

ఓనర్లు ఇంతగా వదిలేయడానికి కారణం ఏంటి? చిన్న చిన్న మధ్యవర్తులు ఇళ్లను లీజుకు తీసుకుని గదులు గదులుగా అద్దెకు ఇచ్చేవాళ్లు. అద్దెలు సగం వచ్చేవి కావు. రాని అద్దెను వచ్చే వాళ్ల దగ్గర లాగేవాళ్లు. రిపేర్‌కు పైసా పెట్టేవాళ్లు కాదు. ఆక్టేవియా రాసిన ఓ వ్యాసంలో ఇలాంటి ఓ ఓనర్ గురించి ఉంది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అతని అసలు వృత్తి అంత్యక్రియలు చేయించడం. అద్దె సరిగ్గా రాకపోతే నష్టం కదా అని ఈమె అడిగితే, తాను చూసుకునేది అద్దెలు కాదని, ఆ ఇళ్లలో జరిగే చావుల మీద వచ్చే ఆదాయమని అతను చెప్పాడట.

ఇక్కడి నుంచి ఆక్టేవియా ఏం చేశారన్నదే అసలు కథ.

మొదటి రోజే ఇంటికి పూర్తిగా రంగులేసి, కొత్త కిటికీలు పెట్టి హీరోలా నిలబడలేదు. ప్రాణానికి అవసరమైనవి వెంటనే చేయించారు. మురుగు కాల్వ, నీళ్ల ట్యాంకు, పెరట్లో రాళ్లు, పైకప్పు. మిగతావి ఆపారు. గది ఖాళీ అయినప్పుడల్లా దాన్ని పూర్తిగా శుభ్రం చేయించి, అద్దె సరిగ్గా కట్టే వాళ్లను అందులోకి మార్చారు. వాళ్లు ఖాళీ చేసిన గదిని బాగు చేయించి ఇంకొకరిని. అలా ఒక్కో గది చొప్పున ఇల్లంతా మారింది.

అద్దె వారం వారం. వసూలుకు ఏజెంట్ రాడు, స్వయంగా ఆక్టేవియానే వెళ్తారు. చీకటి మెట్లు, తాగి తిట్టే మగాళ్లు.. అయినా వెళ్తారు. కట్టాల్సిందే, బకాయి పెరగనివ్వరు. రోజులు గడిచినా కట్టని వాళ్లను ఖాళీ చేయించారు. ఈ విషయంలో ఆమె మెత్తగా ఉండలేదు. అలాగని ఇటువైపు మాట కూడా తప్పలేదు. నల్లా పాడైందని చెబితే బాగు చేయించడం తన వంతు, అద్దె వాళ్ల వంతు. ఇద్దరిలో ఎవరు తప్పినా లెక్క చెడుతుంది.

ఇప్పుడు ఓ ఐడియా చూడండి. ఒక్కో ఇంటికి ఏడాదికి రిపేర్ల కోసం ఇంత అని ఓ మొత్తం విడిగా తీసి పెట్టేవారు. ఏడాది చివర్లో ఆ డబ్బు మిగిలిందా.. అది ఓనర్‌కు వెళ్లదు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లే కూర్చుని దాంతో ఏం కావాలో చెప్పాలి. అల్మారా కావాలా, బట్టలు ఉతకడానికి నీళ్లు కాచుకునే రాగి కాగు కావాలా? అంటే కిటికీ పగలగొడితే పోయేది తమ అల్మారానే. తక్కువ పగిలితే ఎక్కువ సౌకర్యం. కాపలావాళ్లు, సీసీ కెమెరాలు లేని రోజుల్లో ఈ చిన్న లెక్క ఎంత పని చేసిందో ఊహించుకోండి. మన దగ్గర అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గొడవలు తెలిసిన వాళ్లకు దీని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

పనులు కూడా బయటి వాళ్లకు ఇవ్వలేదు. మెట్లు కడగడం కొంచెం పెద్ద వయసు ఆడపిల్లలకు, డబ్బులిచ్చి. పనులు దొరకని సీజన్‌లో మగవాళ్లకు గోడలకు సున్నం వేయడం, చిన్నచిన్న రిపేర్లు. రిపేర్లను కావాలనే ఆ ఖాళీ నెలల కోసం దాచిపెట్టేవారు. ఆ కూలి డబ్బుతోనే వాళ్లు మళ్లీ అద్దె కట్టేవాళ్లు. ఉచితంగా డబ్బు, బియ్యం పంచడం ఆమెకు అస్సలు నచ్చేది కాదు. పని ఇవ్వాలి, పొదుపు చేయించాలి.. అంతే.

కుటుంబం మొత్తం ఒకే గదిలో ఇరుక్కోవడం ఆమెకు అన్నిటికంటే పెద్ద సమస్యగా కనిపించింది. అందుకే రెండు గదుల అద్దెను, ఒక గదికి అంతకు ముందు కడుతున్న దాని కంటే కొంచెం మాత్రమే ఎక్కువగా పెట్టారు. మరి డబ్బు ఎలా సరిపోయింది? ఎగ్గొట్టేవాళ్లు తగ్గారు, ఖాళీగా పడి ఉండే గదులు తగ్గాయి, మధ్యవర్తి పోయాడు. ఏడాదిన్నర తిరిగేసరికి రస్కిన్‌కు 5 శాతం చెల్లించడమే కాదు, పెట్టుబడిలోంచి 48 పౌండ్లు తిరిగి ఇచ్చేశారు కూడా.

ఆవు కొట్టం పోయి.. ఆట స్థలం వచ్చింది

లెక్క కుదిరేసరికి రస్కిన్ 1866లో ఇంకో ఐదు ఇళ్లు కొన్నారు. ఈసారి లీజు కాదు, సొంతంగా. మేరిలబోన్‌లోనే ఫ్రెష్‌వాటర్ ప్లేస్. పేరు మంచినీళ్లు.. ఎదురుగా ఉన్నది కూలిపోయిన పశువుల కొట్టాలు, పేడ దిబ్బలు! ఆ స్థలాన్ని పిల్లల ఆట స్థలంగా మార్చారు. చెట్లు నాటారు. మొదట్లో అక్కడ గొడవలే గొడవలు. తర్వాత మే నెలలో అక్కడే ఏటా పండగ చేసుకునే వరకూ వచ్చింది.

1874 నాటికి ఆక్టేవియా చేతుల్లో 15 హౌసింగ్ స్కీములు, సుమారు 3,000 మంది అద్దెదారులు. ఒక్కరే ఇన్ని ఇళ్లకు వెళ్లలేరు కదా. అందుకే చదువుకున్న అమ్మాయిలను చేర్చుకుని ట్రైనింగ్ ఇచ్చారు. ఆడవాళ్లకు ఉద్యోగాలే పెద్దగా లేని కాలం అది. పుస్తకంలో అద్దె రాయడం, డ్రైనేజీ చూడటం, మేస్త్రీతో బేరం ఆడటం, కోర్టు నోటీసు ఇవ్వడం.. అన్నీ నేర్పించారు. లండన్‌లో ఓల్డ్ విక్ థియేటర్‌కు కొత్త ఊపిరి పోసిన ఎమ్మా కాన్స్ ఈ టీమ్ నుంచి వచ్చిన మనిషే. 1875లో ఆక్టేవియా వ్యాసాలన్నీ కలిపి లండన్ పేదల ఇళ్ల మీద ఓ పుస్తకంగా వచ్చాయి. అదే ఏడాది మురికివాడల తొలగింపు కోసం బ్రిటన్ పార్లమెంట్ ఓ చట్టం చేసింది. దాని వెనక ఆమె వాదన కూడా ఉంది.

అప్పట్లో పేదల ఇళ్లకు ఇంకో మోడల్ కూడా నడుస్తోంది. అమెరికన్ బ్యాంకర్ జార్జ్ పీబాడీ 1862లో భారీ విరాళంతో ట్రస్ట్ పెట్టారు. అంతస్తుల మీద అంతస్తులు, కొత్త బిల్డింగులు. ఆక్టేవియాకు ఆ పెద్ద బ్లాకులంటే పెద్దగా ఇష్టం లేదు. ఉన్న పాత ఇంటిని బాగు చేస్తే ఖర్చు తక్కువ, అద్దె తక్కువ, అక్కడి మనుషులు అక్కడే ఉంటారు అనేవారు. కొత్త బిల్డింగ్ కడితే పాతవాళ్లు ఎటు పోతారన్నది ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్న.

1877.. అన్నీ ఒకేసారి

1877 ఆమె జీవితంలో నల్ల ఏడాది. ఎడ్వర్డ్ బాండ్ అనే వ్యక్తితో కుదిరిన పెళ్లి మధ్యలోనే ఆగిపోయింది. అదే సమయంలో రస్కిన్‌తో బంధం తెగింది. రస్కిన్ మొదలుపెట్టిన మరో ఆదర్శ సంస్థకు డబ్బివ్వాలనుకున్న ఒకరు ఆక్టేవియాను సలహా అడిగారు. రస్కిన్ గొప్ప మనిషే కానీ పనులు నడిపించడం ఆయన వల్ల కాదన్న అర్థంలో ఈమె చెప్పారు. ఆ మాట ఆయన చెవిన పడింది. అంతే.. తామిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలను రస్కిన్ తన పత్రికలో అచ్చు వేసేశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే చాట్ స్క్రీన్‌షాట్లు పబ్లిక్‌లో పెట్టేశారన్నమాట.

పనిభారం కూడా తోడై ఆక్టేవియా ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. డాక్టర్లు విశ్రాంతి తప్పదన్నారు. హ్యారియట్ యార్క్ అనే స్నేహితురాలితో కలిసి చాలాకాలం విదేశాల్లో తిరిగారు. ఆ హ్యారియట్ చివరి రోజు వరకూ ఆమెతోనే ఉన్నారు. ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. ఆమె లేనప్పుడు కూడా ఇళ్లు నడిచాయి. అద్దెలు వచ్చాయి, రిపేర్లు జరిగాయి. ట్రైనింగ్ ఇచ్చిన అమ్మాయిలు మొత్తం చూసుకున్నారు. ఒక్క మనిషి మీద ఆధారపడిన స్కీమ్ అయి ఉంటే అప్పుడే మూతపడేది.

చర్చి బోర్డునే ఒప్పించిన మాటకారి

1884లో ఇంగ్లండ్ చర్చి ఆస్తులు చూసే కమిషనర్లు సౌత్‌వార్క్, డెట్‌ఫర్డ్ ఏరియాల్లో ఉన్న ఇళ్లు కొన్నిటిని ఆమెకు అప్పగించారు. చర్చి భూముల్లోనే మురికివాడలున్నాయని పేపర్లలో, జనంలో విమర్శలు వస్తున్న టైమ్ అది. సౌత్‌వార్క్‌లో పని బాగా కుదిరింది. 1887లో అక్కడ రెడ్ క్రాస్ గార్డెన్ పేరుతో ఓ చిన్న తోట, దాని పక్కనే ముచ్చటైన కాటేజీలు కట్టించారు. ఆ తోట ఇప్పటికీ ఉంది. డెట్‌ఫర్డ్‌లో మాత్రం కథ అంత సాఫీగా సాగలేదు. అక్కడి జనం ఒక చోట నిలిచేవాళ్లు కాదు, ఆమె టీమ్‌కు ఆ ఏరియా దూరం. రోజూ కళ్లముందు ఉంటేనే పనిచేసే పద్ధతి అది. దూరమైతే పట్టు జారిపోతుంది.

ఆక్టేవియా మనిషి పొట్టి. బట్టల మీద అస్సలు శ్రద్ధ లేదు. కానీ మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాళ్ల పని అయిపోయినట్టే. లండన్ బిషప్‌గా పనిచేసిన ఫ్రెడరిక్ టెంపుల్ ఓ మీటింగ్‌లో ఆమె అరగంట వాదన విన్నాక, జీవితంలో ఎప్పుడూ ఇలా ఓడిపోలేదని ఒప్పుకున్నారు.

అంతటి మనిషికి 1884లో ఓ చేదు అనుభవం. పేదల ఇళ్ల మీద బ్రిటన్ ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. ఆమె పేరు సభ్యురాలిగా ప్రతిపాదనకు వచ్చింది. దేశంలో ఈ సబ్జెక్ట్ ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆడమనిషి అన్న అభ్యంతరంతో చోటు దక్కలేదు. సాక్షిగా మాత్రం పిలిచారు. మూడేళ్ల తర్వాత, విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేకి సొంత పేరుతో ఆహ్వానం అందుకున్న ముగ్గురు మహిళల్లో ఆమె ఒకరు. మిగతా ఇద్దరిలో ఒకరు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఇళ్లతో పాటే ఇంకో పని కూడా నడిచింది. పేదవాడికి నాలుగు గోడలు చాలవు, కూర్చోడానికి కాస్త ఖాళీ జాగా, ఆకాశం, పచ్చదనం కావాలి అనేవారు. 1875లో స్విస్ కాటేజ్ ఫీల్డ్స్ అనే మైదానాన్ని బిల్డర్ల నుంచి కాపాడాలని విరాళాలు పోగు చేశారు, ఓడిపోయారు. అక్కడ ఇళ్లు లేచాయి. ఆ ఓటమి తర్వాత కూడా వదల్లేదు. 1895లో రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే ఇద్దరితో కలిసి నేషనల్ ట్రస్ట్ స్థాపించారు. బ్రిటన్‌లో కొండలు, తీరాలు, పాత భవనాలను కాపాడే అతి పెద్ద సంస్థ ఇప్పుడు అదే. 1896లో ఆ ట్రస్ట్ కొన్న మొదటి భవనం ధర ఎంతో తెలుసా? 10 పౌండ్లు!

మరి అందరికీ నచ్చారా? లేదు

ఆమెను దేవతను చేసి చూపిస్తే అది అబద్ధం అవుతుంది. ఆక్టేవియా పద్ధతిలో ఓ ఇబ్బంది ఉంది. అద్దె వసూలుకు వచ్చే మేడమ్ ఇల్లు శుభ్రంగా ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా, తాగుతున్నారా అని కూడా చూసేవారు. కొందరికి అది అక్కలా ఆదుకోవడం, కొందరికి ఇంట్లోకి తొంగిచూడటం. ఇల్లు ఎవరి చేతిలో ఉందో వాళ్లే మంచి నడవడి ఏంటో తేల్చేస్తే, అద్దెకున్నవాడు నోరెత్తగలడా? ఈ ప్రశ్న ఆమెను పెద్దగా వేధించినట్టు కనిపించదు.

ఇంకో సమస్య లెక్కలోనే ఉంది. 5 శాతం రావాలంటే అద్దె పక్కాగా రావాలి. పక్కాగా కట్టాలంటే ఎంతో కొంత స్థిరమైన సంపాదన ఉండాలి. రోజు కూలి కూడా గ్యారంటీ లేని వాడు, జబ్బు మనిషి, వితంతువు.. వీళ్లలో చాలామంది ఈ గీతకు కిందే ఉండిపోయారు. రేవు కూలీల కోసం కట్టిన కాథరిన్ బిల్డింగ్స్‌లో 1885లో అద్దె వసూలు చేసిన ఓ యువతికి ఇదే కనిపించింది. ఆమె బియాట్రిస్ పాటర్. తర్వాత బియాట్రిస్ వెబ్‌గా బ్రిటన్ సోషలిస్టు ఆలోచనకు పెద్ద పేరయ్యారు. అద్దెదారులు ఎవరు, ఏం పని చేస్తారు, ఎందుకు ఖాళీ చేస్తున్నారు.. ఇదంతా రికార్డుగా రాద్దామని ఆమె ఆక్టేవియాను అడిగారు. ఆక్టేవియాకు ఆ ఐడియా నచ్చలేదు. కావాల్సింది పని, ఇప్పటికే మాటలు ఎక్కువయ్యాయన్నది ఆమె అభిప్రాయం. ఈ విషయంలో బియాట్రిస్ వైపే న్యాయం ఉందనిపిస్తుంది. లెక్క రాయకపోతే స్కీమ్ ఎవరిని వదిలేస్తోందో ఎప్పటికీ తెలియదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. 1905లో వేసిన పేదరిక చట్టాల రాయల్ కమిషన్‌లో ఇద్దరూ సభ్యులే. ఈసారి ఆడమనిషి అన్న అడ్డు లేదు! 1909లో రిపోర్టు వచ్చేసరికి ఆక్టేవియా మెజారిటీ వైపు, బియాట్రిస్ మైనారిటీ వైపు. పేదరికానికి బాధ్యత మనిషిదా, వ్యవస్థదా అన్న దగ్గరే ఇద్దరి దారులు వేరయ్యాయి.

ఆక్టేవియా వృద్ధాప్య పింఛన్లను వ్యతిరేకించారు. ఆడవాళ్లకు ఓటు హక్కునూ వ్యతిరేకించారు. వందలమంది పనిచేసే వ్యవస్థను నడిపిన మహిళ ఈ మాట ఎలా అన్నారో ఇప్పటికీ చాలామందికి అర్థం కాదు. కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటి సంస్థ, ఇళ్లు కట్టడం కూడా ఆమెకు ఇష్టం లేదు. ఓటు వేసే అద్దెదారుల దగ్గర ఎన్నికైన నాయకుడు అద్దె వసూలు చేయలేడు, రిపేర్ డబ్బు మిగల్చలేడు అనేవారు.

ఈ చివరి మాటను కొట్టిపారేయడానికి లేదు. లండన్ కౌంటీ కౌన్సిల్ ఈస్ట్ ఎండ్‌లో ఓల్డ్ నికల్ అనే మురికివాడను పడగొట్టి, అదే చోట బౌండరీ ఎస్టేట్ కట్టింది. 1900లో ప్రారంభం. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. కానీ అక్కడి నుంచి కదిలించిన 5,719 మందిలో కొత్త ఇళ్లలోకి తిరిగి వచ్చింది ఎంతమందో తెలుసా? 11 మంది. కొత్త అద్దె పాతవాళ్లకు అందలేదు. వాళ్లంతా పక్క వీధుల్లోకి, అక్కడ ఇంకా ఇరుకు గదుల్లోకి వెళ్లారు. కొత్త బిల్డింగ్ కడితే పాతవాళ్లు ఎటు పోతారని ఆక్టేవియా ఎప్పటి నుంచో అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఇంత పెద్ద అక్షరాల్లో దొరికింది.

అయితే అటువైపు నిజం కూడా చూడాలి. లండన్ జనాభా లక్షల్లో ఉంటే, ఆమె ఇళ్లు వేలమందికి మించలేదు. ఒక్కో గదినీ చేత్తో పట్టుకుని సరిచేసే పద్ధతి అంత వేగంగా పెరగదు. 5 శాతం లాభంతో అట్టడుగు వాళ్లకు ఇల్లు రాదు. ఎక్కడో ఒకచోట ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో బ్రిటన్ అదే చేసింది. కౌన్సిళ్లు సబ్సిడీతో పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం మొదలైంది. విచిత్రం ఏంటంటే.. ఆమె వద్దన్న ఆ కౌన్సిళ్లలో కొన్ని, ఇళ్లు కట్టాక వాటిని చూసుకోవడానికి తీసుకుంది ఆమె పద్ధతిలో ట్రైనింగ్ అయిన మహిళా మేనేజర్లనే. అంతకుముందే ఈ పద్ధతి సముద్రాలు కూడా దాటింది. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆక్టేవియా హిల్ అసోసియేషన్ ఏర్పడింది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి, జర్మనీ నుంచి వచ్చి నేర్చుకుని వెళ్లారు.

చివరి రోజుల్లో కూడా పని ఆపలేదు. 1903లో లండన్‌లోని వాల్‌వర్త్‌లో చర్చి కమిషనర్ల పెద్ద ఎస్టేట్ బాధ్యత తీసుకున్నప్పటికి ఆమె వయసు 64. ఆ భూమిని ప్రైవేట్ బిల్డర్లకు అప్పగించకుండా, కమిషనర్లే ఇళ్లు కట్టి, వాళ్లే నడిపేలా ఒప్పించారు. క్యాన్సర్ వచ్చిందని తెలిశాక, తన చేతిలోని ఇళ్లను ఎవరెవరు చూసుకోవాలో ఒక్కొక్కటిగా పంచేశారు. 1912 ఆగస్టు 13న మేరిలబోన్‌లోని తన ఇంట్లోనే కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధికి అవకాశం వచ్చినా, ఆమె కోరిక ప్రకారం కెంట్‌లోని క్రాకమ్ హిల్ అనే పల్లెలో అక్క పక్కనే ఖననం చేశారు.

192 అద్దాల్లో ఎనిమిది మిగిలిన ఆ ప్యారడైజ్ ప్లేస్‌కు ఇప్పుడు గార్బట్ ప్లేస్ అని పేరు. సెంట్రల్ లండన్‌లో ఖరీదైన ఏరియా. ఆ చిన్న ఇళ్లు అక్కడే ఉన్నాయి, గోడ మీద ఆమె పేరుతో నీలం రంగు ఫలకం కనిపిస్తుంది.